నాలుగైదు కొలతలున్న డేటాను ఒకే బొమ్మలో చూపవచ్చా?

చూపవచ్చు, కొలతకొక నిలువు గీత చొప్పున పక్కపక్కనే గీసి, ప్రతి నమూనా విలువలను వాటిపై గుర్తించి వరుసగా కలిపితే సమాంతర అక్షాల పటం తయారవుతుంది. కాగితంపై ఒకదానికొకటి లంబంగా ఉండే అక్షాలు రెండే పడతాయి కానీ సమాంతర గీతలు ఎన్నయినా పడతాయి. పైగా మన కన్ను రంగుల తేడా కంటే ఎత్తుల తేడాను కచ్చితంగా పసిగడుతుంది.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తినే తీసుకుందాం: పింజ పొడవు, మైక్రోనేర్ (పింజ ఎంత సన్నగా ఉందో చెప్పే కొలత), తేమ, ధర అనేవి నాలుగు గీతలు. తేమ 8 శాతమున్న లాటు కింది నుండి ధర వైపు పైకి లేచి, 12 శాతం దాటినది పై నుండి కిందికి దిగితే, ఆ రెండు అక్షాల నడుమ గీతలు కత్తెరలా ఖండించుకుంటాయి. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతోందనడానికి అదే గుర్తు.

చాలామంది దీనిని కాలంతో వచ్చే మార్పుగా చదువుతారు, అది పొరపాటు. అక్షాల నడుమ గీతపై ఉన్న బిందువులు ఏ విలువనూ చూపవు, అక్షాల వరుస మారిస్తే ఆకారమే మారిపోతుంది.