దీపాలవేళ నోరు జారిన మాట

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సాయంత్రం దీపాలవేళ అల్లరి చేస్తున్న మీ ఆరేళ్ల బాబుని కోపంలో "ఎక్కడికైనా పో, నాకు పీడ విరగడవుతుంది" అనేశారు. మర్నాటికి వాడికి జ్వరం వచ్చింది. ఆ వేళప్పుడు అలాంటి మాటంటే తథాస్తు దేవతలు వింటారని మీ అత్తగారు అన్నారు. అప్పటినుంచి మీకు నిద్ర పట్టడం లేదు. మనం రోజూ మాట్లాడే మామూలు మాటలు దేవుడు నిజంగా వింటాడా, వింటే ఎలా మాట్లాడాలి అని అడిగారు.

నేను పండితుణ్ణి కాను. తణుకు దగ్గర ఒక ఊళ్లో 38 ఏళ్లు కిరాణా కొట్టు నడిపినవాణ్ణి. పొద్దున్నుంచి రాత్రిదాకా మాటలతోనే బతికాను. అలాంటిదే ఒక మాట నేనూ దీపాలవేళే అన్నాను, మా అబ్బాయిని. అందుకే రాస్తున్నాను.

ముందు మీ భయం గురించి. చిన్నపిల్లలకి జ్వరాలు వస్తూనే ఉంటాయి. మీరు ఆ మాట అనకపోయినా ఆ జ్వరం వచ్చేదే. ఇంకా తగ్గకపోతే డాక్టరుకి చూపించండి, ఆ ఆలస్యం మాత్రం చెయ్యొద్దు. ఇంకొకటి. ఆ ఒక్క మాటా విన్న దేవుడు, ఈ ఆరేళ్లలో మీరు వాణ్ణి "నా బంగారం", "నా తండ్రి" అని పిలిచిన పిలుపులన్నీ వినకుండా ఉంటాడా? వింటే అన్నీ వింటాడు. చెడ్డవి ఏరుకుని తథాస్తు అనడానికి కాచుకుని కూర్చునేవాణ్ణి మనం దేవుడని ఎలా అంటాం?

అయితే మీ అత్తగారి మాట కొట్టిపారెయ్యడం లేదు. మా ఇంట్లోనూ అదే నేర్పారు. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. ఇంట్లోంచి బయల్దేరేవాళ్లు 'వెళ్తాను' అంటే అమ్మ ఒప్పుకునేది కాదు, వెనక్కి పిలిచి 'వెళ్లొస్తాను' అనిపించేది. కొట్లో కూడా అంతే. రాత్రి కొట్టు మూసెయ్యం, కట్టేస్తాం. ధాన్యం కుంచంతో కొలిచే రోజుల్లో మొదటి కుంచానికి 'ఒకటి' అనేవాళ్లు కాదు, 'లాభం' అని మొదలుపెట్టేవాళ్లు. లాభం, రెండు, మూడు అలా వెళ్లి, ఏడు దగ్గర ఆగి 'ఆరున్నొక్కటి' అనేవాళ్లు. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని.

పదేళ్ల వయసులో నాన్నని అడిగాను. "డబ్బా ఖాళీగా ఉంటే నిండుకుంది అనడం అబద్ధం కాదా?" అని. ఆయన అప్పుడు చెప్పింది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "అబద్ధం కాదురా, వినేవాళ్లకి అర్థమవుతూనే ఉంది కదా. నెలంతా అన్నం పెట్టిన డబ్బాని పట్టుకుని నీ దగ్గర ఏమీ లేదు అనడానికి నోరెలా వస్తుంది?" అన్నారు. నేను అంతవరకూ అది భయంతో చేసే పని అనుకున్నాను. అది మర్యాద అని, మనకి పెట్టిన చేతిముందు తలొంచుకోవడమని ఆ రోజే తెలిసింది. వ్యాపారం ఎలా ఉందని ఎవరడిగినా నాన్న "ఏదో, వెంకన్న దయ, నడుస్తోందండి" అనేవారు. బాగా నడిచినప్పుడూ అంతే, ఇంట్లో పెళ్లికి అప్పు తెచ్చిన ఏడాదీ అంతే.

మా కొట్టుకి సరుకు తెచ్చే ముస్లిం పెద్దాయన ఒకాయన ఉండేవారు. ఎప్పుడడిగినా "ఇన్షా అల్లా, సోమవారం వస్తుంది" అనేవారు. సరుకు ఆలస్యమైనప్పుడు తప్పించుకోవడానికి అంటున్నారని నేను విసుక్కుంటే నాన్న మందలించారు. సోమవారం మన చేతుల్లో ఉందా అని. మా వీధి చివర చర్చికి వెళ్లే టీచరు గారు కూడా "ప్రభువు చిత్తమైతే వచ్చే నెల బాకీ తీర్చేస్తానండి" అనేవారు. ముగ్గురూ ఒకే మాట అంటున్నారని నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు.

ఇదంతా తెలిసి కూడా నేను తప్పు చేశాను.

2009లో మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. లెక్కల్లో తప్పాడు. రిజల్ట్స్ వచ్చిన రోజు సాయంత్రం వాడు కొట్లోకి వచ్చి ఏదో చెప్పబోయాడు. గల్లాపెట్టె ముందు నలుగురు బేరం వాళ్లున్నారు. వెనకాల మా అమ్మ దేవుడి పటం దగ్గర దీపం వెలిగిస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. "నువ్వు ఈ జన్మకి బాగుపడవురా. నీ చేత ఏదీ కాదు" అన్నాను. అందరి ముందూ. అమ్మ చేతిలో అగ్గిపుల్ల అలాగే ఉండిపోయింది. "దీపాలవేళ ఆ మాటేమిట్రా, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అంది. నేను పట్టించుకోలేదు.

సప్లిమెంటరీలోనూ వాడు తప్పాడు. మీకు ఇప్పుడున్న భయమే అప్పుడు నాకు పట్టుకుంది. నా నోటిమాటే తగిలిందని రాత్రుళ్లు లేచి కూర్చునేవాణ్ణి. గుళ్లో అర్చన చేయించాను, శనివారాలు ఉపవాసం ఉన్నాను. దేవుడికి క్షమాపణ చెప్పుకున్నాను కానీ, వాడికి ఒక్క ముక్క చెప్పలేదు. వాడు నాతో మాట్లాడటం మానేశాడు. అడిగితే ఊ, ఊహూ. అన్నం తినేటప్పుడు నేను వస్తే కంచం తీసుకుని లేచిపోయేవాడు.

ఆ కార్తీకంలో నేను అయ్యప్ప మాల వేసుకున్నాను. అంతకుముందు మూడుసార్లు వేసుకున్నాను, అలవాటే. ఈసారి వాడు కూడా వేసుకుంటానని వాళ్లమ్మతో చెప్పించాడు. ఎందుకో నేను అడగలేదు. ఇద్దరికీ ఒకే రోజు గుళ్లో మాల పడింది. మా గురుస్వామి నన్ను పక్కకి పిలిచి, "స్వామీ, ఈ 41 రోజులూ ఇతను మీకు కొడుకు కాదు, కన్నెస్వామి. ఒరేయ్, తురేయ్ అన్నారా, మీ దీక్ష అక్కడితో సరి" అన్నారు.

మాల వేసుకున్న ఇల్లు చూసి ఉంటే మీకు తెలుస్తుంది. ఆ రోజుల్లో ఇంట్లో మాట తీరే మారిపోతుంది. ఎదుటివాడు చిన్నా పెద్దా అని లేదు, అందరూ స్వాములే. ఆడవాళ్లు మాత. భోజనం భిక్ష అవుతుంది. ఫోనెత్తితే హలో ఉండదు, స్వామి శరణం. చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేని నడక, నేల మీద పడక, ఇవన్నీ కష్టమనుకుంటారు చూసేవాళ్లు. నాకు అవేవీ కష్టం కాలేదు. నాలుకే కష్టమైంది.

మొదటి రోజు తెల్లవారుజామున నాలుగింటికి వాణ్ణి లేపాలి. గుమ్మంలో నిలబడ్డాను. పదిహేడేళ్లుగా అలవాటైన 'ఒరేయ్' నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "స్వామీ, లేవండి. స్నానానికి వేళయింది" అన్నాను. వాడు కళ్లు తెరిచి నావైపు చూశాడు. ఏమీ అనలేదు. లేచాడు. పూజ అయ్యాక స్వాములు ఒకరి పాదాలకొకరు నమస్కరించుకుంటారు కదా, నా వంతు వచ్చినప్పుడు ముందుకి వంగితే ఎదురుగా వాడి పాదాలే ఉన్నాయి. మడమలు చలికి పగిలి ఉన్నాయి. ఆ పాదాలని పట్టుకున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. శరణుఘోషలో ఎవరికీ వినపడలేదు.

స్వామి అని పిలవడం మొదలుపెట్టాక ఒక విచిత్రం జరుగుతుందమ్మా. ఆ పిలుపు తర్వాత తిట్టు అతకదు. "స్వామీ, మీ చేత ఏదీ కాదు" అని అనిచూడండి, నోరు తిరగదు. కొట్లో హమాలీని, పాలు పోసే అబ్బాయిని, అరువు ఎగ్గొట్టి తిరిగే ఆసామిని కూడా స్వామి అనే పిలవాల్సొచ్చింది. బాకీ అడిగాను, కానీ మనిషిని కించపరచకుండా అడగడం అప్పుడే వచ్చింది. గురుస్వామి రోజూ సాయంత్రం భజన ముందు గీతలో 17వ అధ్యాయం నుంచి ఒక శ్లోకం చదివించేవారు. "అనుద్వేగకరం వాక్యం సత్యం ప్రియహితం చ యత్" అని. ఎదుటివాడి మనసు కలతపెట్టని మాట, నిజమైన మాట, ఇష్టంగా ఉండి మేలు చేసే మాట, అది మాట్లాడటం కూడా తపస్సే అని అందులో ఉంది. అడవికి వెళ్లి చేసే తపస్సు గురించి వినడమే గానీ, గల్లాపెట్టె దగ్గర కూర్చుని చేసే తపస్సు ఒకటుందని నాకప్పటిదాకా తెలియదు.

ఇరుముడి కట్టుకుని డిసెంబరులో శబరిమల వెళ్లాం. పంపలో స్నానం చేసి నీలిమల ఎక్కుతున్నాం. అది నిటారుగా ఉంటుంది, రెండడుగులకోసారి ఆగాల్సిందే. ఒకచోట గోడకి ఆనుకుని ఆయాసం తీర్చుకుంటుంటే వాడే మొదలుపెట్టాడు. "స్వామీ, ఆ రోజు మీరన్న మాట నాకు పరీక్ష హాల్లో వినపడింది. పేపరు చూడగానే వినపడింది. వచ్చిన లెక్క కూడా నా చేత కాదనిపించి వదిలేశాను" అన్నాడు. కోపంగా అనలేదు. ఎవరికో జరిగింది చెప్తున్నట్టు చెప్పాడు.

ఏడు నెలలపాటు దేవుడు నా మాట విన్నాడా లేదా అని కుమిలిపోయాను. విన్నవాడు నా ఇంట్లోనే, నా ఎదురుగా కంచం తీసుకుని లేచిపోతూనే ఉన్నాడు. ఆ కొండమీదే వాడి చేతులు పట్టుకుని, "తప్పు నాది స్వామీ. ఆ మాట అబద్ధం. పిరికితనంతో అన్నాను, నలుగురి ముందు నా పరువు కోసం అన్నాను" అని చెప్పాను. పక్కనుంచి వేలమంది స్వామియే శరణమయ్యప్ప అంటూ ఎక్కిపోతున్నారు. పైకి వెళ్లి 18 మెట్లు ఎక్కాక గుడి ముందు రాసి ఉంటుంది, 'తత్త్వమసి' అని. అది నువ్వే అని దానర్థం. అంతకుముందు మూడుసార్లు ఆ అక్షరాల కిందనుంచే వెళ్లాను. ఆసారి వాడి భుజం మీద చెయ్యి వేసుకుని చదివాను.

మీరడిగిన ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు ఇదేనమ్మా. దేవుడు వింటాడు. ఆకాశంలో తిరుగుతూ వింటాడో లేదో పెద్దలు చెప్పాలి. ఎదురుగా ఉన్న మనిషి చెవులతో వింటాడని మాత్రం నేను ప్రమాణం చేసి చెప్పగలను. సంధ్యవేళ నోరు జాగ్రత్త అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. పొద్దంతా పనిచేసి ఒళ్లు అలిసేది, ఆకలేసేది, పిల్లలు పేచీ పెట్టేది ఆ వేళలోనే. నోరు జారేదీ అప్పుడే. సరిగ్గా ఆ గంటకే ఒక దీపాన్ని, దేవతల్ని కాపలా పెట్టారని నాకనిపిస్తుంది.

మాల తీశాక నా నోరు పూర్తిగా మారిపోయిందని చెప్పను. 'ఒరేయ్' మళ్లీ వచ్చింది, అది ప్రేమగా అనే ఒరేయ్. కోపం వచ్చినప్పుడు మాత్రం మనసులో ఒకసారి 'స్వామీ' అనుకుని అప్పుడు నోరు తెరుస్తాను. పదిసార్లలో ఏడెనిమిది సార్లు ఆ తర్వాతి మాట మెత్తబడుతుంది. మా అబ్బాయి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో పని చేసుకుంటున్నాడు. ఫోను పెట్టేసే ముందు కూడా "వెళ్లొస్తా నాన్నా" అంటాడు.

మీరు పూజలూ పరిహారాలూ చేయించాలనుకుంటే చేయించండి, తప్పు లేదు. కానీ దానికన్నా ముందు, ఈ రోజు దీపం పెట్టేటప్పుడు బాబుని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆరేళ్లవాడికి అర్థం కాదనుకోకండి, 'పో' అన్న మాట వాడికి గుర్తుంటుంది. "మొన్న నేను పో అన్నాను కదా నాన్నా, అది తప్పు మాట. నువ్వు నా దగ్గరే ఉండాలి" అని చెప్పండి. అత్తగారు కూడా వినేలా గట్టిగానే చెప్పండి. వాడు విని, వెంటనే ఆటకి పరిగెత్తిపోతాడేమో. పోనివ్వండి.