స్టంప్ గ్రైండర్ పళ్లు: మోడల్ నంబర్ కాదు, చక్రాన్ని చూడండి

సందేహం (లియాండర్, టెక్సాస్): నలుగురం కలిసి పాత స్టంప్ గ్రైండర్ (చెట్టు కొట్టేశాక మిగిలిన మోడును చెక్కేసే యంత్రం) ఒకటి కొన్నాం. 13 హార్స్‌పవర్ ఇంజిన్, వెనక నిలబడి నడిపే రకం. పళ్లు అరిగిపోతే మెషిన్ మోడల్ నంబర్ చూసి ఆన్‌లైన్‌లో కొత్తవి తెప్పించాం. అవి చక్రంలో కూర్చోవడం లేదు. ఏవి కొనాలి? అన్నీ ఒకేసారి మార్చాలా?

జవాబు: మోడల్ నంబర్ మెషిన్ గురించి చెబుతుంది, ఇప్పుడు దానికున్న చక్రం గురించి చెప్పదు. చేతులు మారిన గ్రైండర్లలో కటర్ వీల్ మార్చేసి ఉండటం, లేదా పాత చక్రానికే వేరే రకం పాకెట్లు (పన్నును పట్టి ఉంచే దిమ్మలు) బిగించి ఉండటం మామూలే. అందుకని ముందు స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి పక్కకు కట్టేయండి. చక్రం తిరగకుండా చెక్క ముక్క అడ్డం పెట్టి, మట్టంతా కడిగి చూడండి. పంటి మీదో పాకెట్ మీదో పోతపోసిన అక్షరాలు, అంకెలు ఉంటే ఫొటో తీసుకోండి. దుకాణం వాళ్లకు పంపాల్సింది అదే.

మీకు కనబడేది ముఖ్యంగా రెండు రకాల్లో ఒకటి అవుతుంది. పాత పద్ధతిలో ఉక్కు కాడ చివర కార్బైడ్ (ఉక్కుకన్నా బాగా గట్టి పదార్థం) ముక్కను బ్రేజింగ్ చేసి, అంటే వేరే లోహం కరిగించి అతికి ఉంటుంది. చక్రానికి అటూ ఇటూ ఉన్న పాకెట్ల మధ్య ఆ కాడను బోల్టులతో నొక్కి పెడతారు. వీటిలో ఎడమకు వంగినవి, కుడికి వంగినవి, నిటారువి అని తేడా ఉంది. చక్రం మందం కన్నా గాడి వెడల్పుగా తెగాలి కాబట్టి ఆ వంపు. ఎడమది పెట్టాల్సిన చోట కుడిది పెడితే గాడి ఇరుకై చక్రం ఒళ్లే చెక్కకు రాసుకుంటుంది. పొగ వస్తుంది, బెల్టు కాలుతుంది. కాబట్టి పాతవి విప్పేముందే చక్రానికి రెండు వైపులా ఫొటోలు తీసి, ఏ చోట ఏది ఉందో రాసుకోండి.

రెండోది గుండ్రటి పన్ను. ఈ రకంలో గ్రీన్‌టీత్ అనే బ్రాండ్ అందరికీ తెలిసిన పేరు. వీటిలో 500, 700, 900, 1100 అని సిరీస్‌లున్నాయి. అంకె పెరిగేకొద్దీ పెద్ద మెషిన్‌కు. పన్ను, పాకెట్ ఒకే సిరీస్‌వి కావాలి. 700 పాకెట్‌లో 900 పన్ను కూర్చోదు. ఒక అంచు మొద్దుబారితే నట్టు వదులు చేసి మూడో వంతు తిప్పితే కొత్త అంచు ముందుకొస్తుంది. ఇక సాండ్విక్ డ్యూరా డిస్క్ లాంటివి చక్రంతో సహా మార్చాల్సినవి. మీ అవసరానికి అంత ఖర్చు దండగ.

వారాంతాల్లో పెరటి పని చేసుకునేవాళ్లకు గుండ్రటి పళ్లే మేలని మా అభిప్రాయం. కాడ పళ్లు చవకే కానీ, వాటికి పదును పెట్టాలంటే ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ రాయి లేదా డైమండ్ వీల్ కావాలి. గరాజ్‌లో ఉండే మామూలు బూడిదరంగు రాయి ఉక్కును అరగదీస్తుంది కానీ కార్బైడ్‌కు పదును ఎక్కించలేదు. ఎర్రగా కాలిన పన్నును నీళ్లలో ముంచితే కార్బైడ్ పగుళ్లిస్తుంది. పైగా పదును పెట్టేటప్పుడు లేచే కార్బైడ్ పొడిలో కోబాల్ట్ అనే లోహం ఉంటుంది, మాస్క్ లేకుండా పీల్చకూడదు. ఇప్పుడున్న చక్రానికే గుండ్రటి పాకెట్లు బిగించాలనుకుంటే చక్రం మందం, బోల్టు రంధ్రాల మధ్య దూరం, పంటి కొనకూ గార్డుకూ మధ్య ఖాళీ, ఈ మూడూ కొలిచాకే ఆర్డర్ చేయండి.

బోల్టుల దగ్గర మనవాళ్లు తరచూ పొరబడతారు. ఇక్కడి మెషిన్లలో ఎక్కువ భాగం అంగుళాల లెక్క. 5/8 అంగుళం అంటే 15.9 మిల్లీమీటర్లు, అంటే 16 మిల్లీమీటర్ల బోల్టు పట్టినట్టే అనిపించి ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది, ఆ తర్వాత మర తినేస్తుంది. తల మీద ఆరు గీతలుంటే గ్రేడ్ 8, మూడుంటే గ్రేడ్ 5. గీతలేమీ లేని తళతళలాడే బోల్టు ఈ పనికి పనికిరాదు. పళ్లతో పాటు వాటి కంపెనీ బోల్టులే తెప్పించుకోవడం ఉత్తమం. ఒకసారి సాగిన పాత బోల్టు మళ్లీ పట్టు ఇవ్వదు.

పన్ను ఎంత కాలం మన్నుతుందో నిర్ణయించేది చెట్టుకన్నా ఎక్కువగా నేల. మీ ఊళ్లో జానెడు మట్టి కింద సున్నపురాయి. కార్బైడ్‌లో కోబాల్ట్ ఎక్కువుంటే దెబ్బకు ఓర్చుకుంటుంది కానీ త్వరగా అరుగుతుంది. తక్కువుంటే అరుగుదల తక్కువ, రాయి తగిలితే పెచ్చులూడుతుంది. ఫ్లోరిడా ఇసుకలో బాగా నడిచిన రకం మీ దగ్గర నడవకపోవచ్చు. కాబట్టి రాతి నేల అని చెప్పి మరీ అడగండి. పాత పళ్లను చూసినా సంగతి తెలుస్తుంది. అంచు నున్నగా గుండ్రంగా అరిగితే అది ఇసుక పని. అంచు పెచ్చులుగా పోతే రాయి లేదా మేకు. కార్బైడ్ ముక్క మొత్తం ఊడిపోతే గట్టి దెబ్బో వేడికి బ్రేజింగ్ వదలడమో కారణం. ముక్క బాగానే ఉండి దాని వెనక ఉక్కు కొరుక్కుపోతే కార్బైడ్‌కు ఆనుడు లేదని లెక్క, పదును ఉన్నా మార్చాల్సిందే.

నడుస్తుండగా కూడా గుర్తులుంటాయి. పదునైన పన్ను పెళ్లలు పెళ్లలుగా చిమ్ముతుంది. బొంబాయి రవ్వలా పొడి రాలుతూ ఇంజిన్ ఈడుస్తుంటే పళ్లు అయిపోయినట్టే. హఠాత్తుగా అదురు మొదలైతే ఒక పన్ను ఊడి ఉండొచ్చు, వెంటనే ఆపేయండి.

అన్నీ ఒకేసారి మార్చడం మంచిది. అరిగినవాటి మధ్య ఒక్క కొత్తది పెడితే అది ముందుకు పొడుచుకొచ్చి దెబ్బలన్నీ తానే తిని విరుగుతుంది. విరిగిన ఒకటి మాత్రమే మార్చాల్సి వస్తే, తీసి దాచిన సగం అరిగినవాటిలోంచి అదే ఎత్తున్నది పెట్టండి. జత మార్చేటప్పుడు చక్రంలో ఎదురెదురుగా ఉన్న రెండూ మార్చాలి, లేకపోతే తూకం తప్పుతుంది.

బిగించేముందు పాకెట్ లోపల వైర్ బ్రష్‌తో గీకండి. అక్కడ మిగిలిన మట్టి పొర పనిలో నలిగి రాలిపోతుంది, ఆ మేరకు బోల్టు వదులవుతుంది. ఇంపాక్ట్ రెంచితో దగ్గరకు తెచ్చినా చివరి బిగింపు టార్క్ రెంచితోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో, అంటే టార్క్ ఎంతో చూపే రెంచి). ఎంత టార్క్‌కు బిగించాలో ఆ అంకె పళ్ల కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. మర పొడిగా ఉండాలన్నారా, నూనె రాయమన్నారా అన్నదీ చూడండి. నూనె రాస్తే అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతుంది. అరగంట పని చేశాక ఆపి మళ్లీ టార్క్ చూడండి.

గ్రైండర్ దించేముందు 811కు ఫోన్ చేసి పైపులు, వైర్ల గుర్తులు వేయించుకోండి. ఈ సేవ ఉచితం. పసుపు గుర్తు గ్యాస్, ఎరుపు కరెంటు, నీలం మంచినీళ్లు. మీ స్ప్రింక్లర్ పైపులను మాత్రం వాళ్లు గుర్తించరు. తర్వాత మోడు చుట్టూ మట్టి తవ్వి రాళ్లు ఏరి, వీలైనంత కిందకు రంపంతో కోసేయండి. పాత కంచె తీగ, మేకులు చెక్కలో కలిసిపోయి ఉంటాయి, చిన్న మెటల్ డిటెక్టర్ ఉంటే పని సులువు. 13 హార్స్‌పవర్ ఇంజిన్‌తో అంగుళం చొప్పున దించుతూ పక్కకు ఊపండి. మీ దగ్గరి మెస్కీట్ మోడైతే ఇంకా తాపీగా. అది మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం, గట్టిదనం కూడా అలాంటిదే.

ఇంకో మాట. పక్కింటివాళ్ల మోడు సాయంగా తీసిపెడితే సరే కానీ, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు దానికి డబ్బు తీసుకోకండి. స్పాన్సర్ చేసిన కంపెనీలో కాక బయట చేసే సంపాదన పనికి ఆ వీసాలో అనుమతి లేదు.