ఎడిటర్‌కి కట్టాలా, ర్యామ్‌కి పెట్టాలా?

ప్రశ్న: మాదాపూర్‌లో చిన్న కంపెనీలో పైథాన్ డెవలపర్‌ని. జీతం 40 వేలు. 8 జీబీ ర్యామ్ ఉన్న సొంత ల్యాప్‌టాప్‌లో కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్ మధ్యాహ్నానికల్లా మొరాయిస్తోంది. ఆఫీసులో వాళ్లు ఏఐ ఎడిటర్ కర్సర్‌కి మారమంటున్నారు. నెలకు 20 డాలర్లు పెట్టొచ్చా?
— ఓ పాఠకుడు, యూసఫ్‌గూడ

జవాబు: మీ బాధ మొరాయింపే అయితే వద్దు. కర్సర్‌ని వీఎస్ కోడ్ సోర్సు మీదే కట్టారు. రెండింటి అడుగునా ఉన్నది ఎలక్ట్రానే, అంటే లోపల ఓ క్రోమియం బ్రౌజరు. ఇక్కడ చాలని ర్యామ్ అక్కడా చాలదు. మీరు కట్టేది ఏఐకి, వేగానికి కాదు. పైగా వీఎస్ కోడ్‌లో పైథాన్ కోడ్‌ను పరిశీలించే ఎక్స్‌టెన్షన్ పైలాన్స్ లైసెన్సు మైక్రోసాఫ్ట్ ఉత్పత్తులకే పరిమితం కాబట్టి, కర్సర్‌లో అదే పని చేసే వేరే లాంగ్వేజ్ సర్వర్‌తో సర్దుకోవాలి.

ముందు దొంగను పట్టుకోండి. హెల్ప్ మెనూలో ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ తెరిస్తే ఏది ఎంత మెమరీ లాగుతోందో తెలుస్తుంది. ఎక్స్‌టెన్షన్ హోస్ట్ (అదనంగా వేసుకున్న ఎక్స్‌టెన్షన్లను నడిపేది) ముందుంటే, కమాండ్ ప్యాలెట్‌లో 'స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్' నడపండి. అది ఎక్స్‌టెన్షన్లను సగం సగం ఆపుతూ, 30 ఉన్నా ఐదారు విడతల్లో తప్పు చేసినదాన్ని చూపిస్తుంది. పైలాన్స్ లాగుతుంటే, అక్కర్లేని పెద్ద ఫోల్డర్లను అనాలిసిస్ ఎక్స్‌క్లూడ్ సెట్టింగ్‌లో రాయండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: మీ జాబితా రాయగానే డిఫాల్ట్ జాబితా పోతుంది. నోడ్ మాడ్యూల్స్, పైకాష్ (__pycache__) ఫోల్డర్లనూ మీరే చేర్చాలి.

అప్పటికీ చాలకపోతే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లి ర్యామ్ వేయించండి. వెళ్లేముందు టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూడండి. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్నట్టు, దాన్ని మార్చలేరు. ర్యామ్ రకం కూడా చూసుకోండి: డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 పట్టదు.

ఏఐ కోసమే అయితే లెక్క వేరు. డాలరు 90 రూపాయలనుకుంటే 1,800, 18 శాతం జీఎస్టీతో 2,124. బ్యాంకు ఫారెక్స్ చార్జీ కలిపితే దాదాపు 2,200. నెలకు 176 పని గంటలనుకుంటే మీ గంట విలువ 227 రూపాయలు. అంటే నెలకు పది గంటలైనా మిగలాలి. ఒక్క నెల తీసుకుని, ఏఐ రాసిన కోడ్‌ను చదివి సరిదిద్దిన సమయం కూడా కలిపి రాసుకోండి. ఆ సమయాన్ని లెక్కలోకి తీసుకోనివాళ్లకే అది అద్భుతంగా కనిపిస్తుంది! కంపెనీ కోడ్ బయటి సర్వర్లకు వెళ్తుంది కాబట్టి మేనేజర్ అనుమతి మెయిల్‌లోనే తీసుకోండి. అనుమతి ఇచ్చేవాళ్లు బిల్లు కూడా కట్టడమే న్యాయం.

ప్రశ్న: జావాస్క్రిప్ట్ ఎడిటర్ వెబ్‌స్టార్మ్ ఉచితమన్నారు. ఫ్రీలాన్స్ పనికి వాడొచ్చా?
— ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: కుదరదమ్మా. 2024 అక్టోబరు నుంచి ఉచితం చేసింది వ్యాపారేతర వాడకానికే. క్లయింటు డబ్బిస్తే అది వ్యాపారమే. కొంటే ఏడాది చందా తీసుకోండి. 12 నెలలు కట్టాక చందా మానేసినా, ఆ చందా మొదలైనప్పటి వెర్షన్ మీకు శాశ్వతంగా ఉంటుంది.