పీడీఎఫ్‌ల సంగతి తర్వాత, ముందు మీ పేరు సరిచేసుకోండి

ప్రశ్న: వరంగల్‌లో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నాలుగు పేపర్లు వచ్చాయి. గూగుల్ స్కాలర్‌లో మొత్తం 9 సైటేషన్లే (ఇతరుల పేపర్లలో నా పేపర్ల ప్రస్తావనలు) ఉన్నాయి. విదేశాల్లో పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగానికి) వెళ్లాలంటే ఆన్‌లైన్ ప్రొఫైల్ బలంగా ఉండాలంటున్నారు. పీడీఎఫ్‌లన్నీ రీసెర్చ్‌గేట్ అనే పరిశోధకుల సైట్‌లో పెట్టేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదమ్మా. ముందు మీ పేపర్లన్నీ ఒకే పేరు కింద ఉన్నాయో లేదో చూడండి. ఇంటిపేరు ముందు రాసుకునే మనవాళ్లకు చిక్కంతా ఇక్కడే. ఒకచోట ‘కె. శ్రీలత’, ఇంకోచోట ‘శ్రీలత కె.’, మరోచోట ‘ఎస్. కొండపల్లి’ అని పడితే డేటాబేస్ లెక్కలో వాళ్లు ముగ్గురు మనుషులు. చివరి మాటనే ఇంటిపేరు అనుకుని జర్నల్ సాఫ్ట్‌వేర్ ‘శ్రీలత’ను ఇంటిపేరు చేసేస్తుంది కూడా.

ఓర్కిడ్ ఐడీ తీసుకోండి. పరిశోధకుడిని పేరుతో కాకుండా నంబరుతో గుర్తించేది ఇది. 16 అంకెలది, ఉచితం. కాలేజీ మెయిల్‌తో పాటు సొంత మెయిల్ కూడా ఇవ్వండి, పీహెచ్‌డీ అయ్యాక కాలేజీది ఆగిపోవచ్చు. ఇప్పటిదాకా అచ్చయిన పేరు రూపాలన్నీ అందులో చేర్చి, ఇకపై ఒక్క రూపమే వాడండి. పేపర్ సబ్మిట్ చేసేటప్పుడు ఈ ఐడీ ఇచ్చి, పేపర్ల వివరాలు నమోదుచేసే సంస్థ క్రాస్‌రెఫ్‌కి అనుమతిస్తే అచ్చయిన పేపర్ దానంతటదే వచ్చి చేరుతుంది.

గూగుల్ స్కాలర్‌లో కొత్త పేపర్లు వాటంతటవే చేరే సెట్టింగ్ మార్చి, మీకు మెయిల్ పంపి అడిగేలా పెట్టుకోండి. లేకపోతే ఇంకో శ్రీలత పేపర్లు మీ ఖాతాలో పడతాయి. ఇంటర్వ్యూలో అది బయటపడితే పరువు తక్కువ. ఒకే పేపర్ రెండుసార్లు కనిపిస్తే రెండూ టిక్ చేసి మెర్జ్ చేయండి.

ఇక పీడీఎఫ్‌లు. చందా జర్నల్ అచ్చేసిన ఫైల్‌ మీద హక్కు సాధారణంగా పబ్లిషర్‌దే. పెడితే తీసేయమని నోటీసు రావచ్చు. రివ్యూ అయ్యాక, పబ్లిషర్ పేజీలు కట్టకముందు మీరిచ్చిన వర్డ్ ఫైల్‌ను మాత్రం చాలా జర్నళ్లు రిపాజిటరీలో (పేపర్లు, డేటా దాచే ఆన్‌లైన్ భాండాగారంలో) పెట్టనిస్తాయి, కొన్ని నెలల గడువు తర్వాత. జర్నల్ పాలసీ చూసి, సెర్న్ పరిశోధన సంస్థ నడిపే జెనోడో రిపాజిటరీలో పెట్టండి. అక్కడ డీఓఐ (పేపర్‌కో డేటాకో ఇచ్చే శాశ్వత గుర్తింపు) అడిగినచోట జర్నల్ ఇచ్చిన పాతదే వేయండి. కొత్తది తీసుకుంటే సైటేషన్లు రెండుగా చీలుతాయి. ప్రయోగాల డేటాకైతే కొత్త డీఓఐ తీసుకోవచ్చు.

పేపర్ గురించి ఎక్కడ రాసినా డీఓఐ లింకే ఇవ్వండి. వార్తల్లో, సోషల్ మీడియాలో పేపర్ ప్రస్తావనలు చూసి స్కోరు ఇచ్చే ఆల్ట్‌మెట్రిక్ లాంటివి వాటిని పట్టేది ఎక్కువగా దాంతోనే. వాట్సాప్ గ్రూపుల్లో ఎన్ని ఫార్వర్డ్‌లు తిరిగినా వాటికి కనిపించవు. ఆ స్కోరు కోసం పాకులాడకండి, తిట్టిన పోస్టు కూడా అందులో కలుస్తుంది. డబ్బులిస్తే సైటేషన్లు తెస్తామనేవాళ్ల జోలికి అసలు పోవద్దు.

మీ 9 సైటేషన్లు పేపర్ల వారీగా 5, 3, 1, 0గా ఉన్నాయనుకోండి. కనీసం రెండేసి సైటేషన్లున్న పేపర్లు రెండున్నాయి, మూడేసి ఉన్నవి మూడు లేవు. కాబట్టి ఇలా లెక్కవేసే హెచ్-ఇండెక్స్ అనే అంకె మీకు 2. ఈ దశలో అది సీవీలో పెద్ద అక్షరాలతో రాసుకునే అంకె కాదు. రాస్తే ఎక్కడ, ఏ తేదీన చూశారో పక్కన వేయండి. అంతకంటే ఆ 5 సైటేషన్ల పేపర్‌ను వాడుకున్న ఐదింటినీ తెరిచి చదవండి. ఎవరైనా మీ పద్ధతితోనే తమ పదార్థాన్ని తయారుచేసి ఉంటే, కవర్ లెటర్ రెండో పేరాలో ఆ ఒక్క వాక్యం రాయండి.