బడి మాన్పించే ముందు

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. బడంటే విసుగంటుంది. పక్షుల గురించి మాత్రం గంటల తరబడి చదువుతుంది. హోమ్‌స్కూలింగ్ మేలా, అన్‌స్కూలింగ్ మేలా? పై చదువులకు ఇబ్బంది రాదు కదా?

జవాబు: మొదట ఈ రెండింటినీ విడదీద్దాం. హోమ్‌స్కూలింగ్‌లో సిలబస్ ఉంటుంది, చెప్పే చోటూ మనిషీ మారతారు. అన్‌స్కూలింగ్‌లో సిలబస్సే ఉండదు, పిల్లల ఆసక్తిని బట్టి చదువు సాగుతుంది. 1977లో దీన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ విద్యావేత్త జాన్ హోల్ట్ స్వయంగా ఐదో తరగతికి పాఠాలు చెప్పినవారే.

మీ అమ్మాయి కనబడిన పక్షులను రోజూ లెక్క రాసుకుంటే సగటు, గ్రాఫు వస్తాయి. వలస దారులు వెతికితే భూగోళం వస్తుంది. బీజగణితం మాత్రం పక్షుల వెంట రాదు, ఎవరో ఒకరు పక్కన కూర్చుని నేర్పాలి. అన్‌స్కూలింగ్‌తో తల్లిదండ్రులకు పని తగ్గుతుందనుకునేవారిని చూస్తే నాకు ఆశ్చర్యం. పని పెరుగుతుంది. మీరిద్దరూ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే ఉద్యోగస్తులైతే ఈ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ముప్పై మందికి ఒకే వేగంతో చెప్పే తరగతిలో, ముందే అర్థమైన పిల్ల గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవలసిందే. ఈ లోపం నిజం. కానీ ప్రయోగశాల, తన మాటకు ఎదురుచెప్పే తోటిపిల్లలు, అమ్మానాన్న కాని మనిషి ఎర్రసిరాతో దిద్దిన నోటుబుక్కు ఇంట్లో అంత తేలిగ్గా దొరకవు.

పై చదువుల దగ్గర అడిగేది సర్టిఫికెట్. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ (పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్ష) వంటి పరీక్షలను బడికి వెళ్లకుండా ప్రైవేటుగా రాయవచ్చు. అయితే గుర్తింపు పొందిన కేంద్రం ద్వారానే నమోదు కావాలి, అన్ని కేంద్రాలూ బయటివారిని తీసుకోవు. కాబట్టి పుస్తకాలు కొనేకంటే ముందు కేంద్రాన్ని వెతకండి. చట్టమూ చూసుకోండి: అమెరికాలో 50 రాష్ట్రాలూ ఇంటి చదువును ఒప్పుకుంటాయి, జర్మనీలో బడికి పంపడం తప్పనిసరి, ఫ్రాన్స్‌లో 2022 నుంచి ముందస్తు అనుమతి ఉండాలి.

ఇప్పటికిప్పుడు మాన్పించవద్దు. రెండు వారాల పాటు ఏ పీరియడ్‌లో విసుగొచ్చిందో, ఎందుకొచ్చిందో అమ్మాయినే రాయమనండి. తెలిసిన పాఠమే మళ్లీ వినవలసి రావడం కారణమైతే, ఆ కాగితంతో టీచరును కలిసి కఠినమైన పని ఇమ్మని అడగండి. ఎవరి ఎగతాళో, భయమో కారణమని తేలితే అది బోధనా పద్ధతికి సంబంధించిన సమస్య కాదు. దాన్ని బడిలో పెద్దల దృష్టికి వెంటనే తీసుకెళ్లండి.