ఇరాన్ అణు చర్చలు ఇన్నేళ్లుగా ఎందుకు తెగడం లేదు? యురేనియం లెక్కలు చూసిన ఒక ఉద్యోగి సమాధానం

2015లో అంత శ్రమపడి కుదుర్చుకున్న ఇరాన్ అణు ఒప్పందం (ఇరాన్ తన అణు పనులను తగ్గించుకోవాలి, బదులుగా అమెరికా తదితర దేశాలు ఆంక్షలు తొలగించాలి) మూడేళ్లకే ఎందుకు చెడిపోయిందనీ, ఆ తరువాత ఎన్ని విడతలు కూర్చున్నా చర్చలు ఎందుకు కొలిక్కి రాలేదనీ, ఇందులో మొండితనం ఎవరిదనీ మీరు అడిగారు. మొండితనం ఎవరిదో తేల్చే పని నేను పెట్టుకోను. హైదరాబాదులోని అణు ఇంధన సముదాయంలో (మేమందరం ఎన్‌ఎఫ్‌సీ అనే అంటాం) అణు పదార్థాల లెక్కలు చూసే విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని కనుక, ఈ వివాదంలో నాకు మొదట కనిపించేది లెక్కల పుస్తకమే. ఇక్కడ చెప్పేదంతా ఎప్పటినుంచో బహిరంగంగా ఉన్న విషయమే తప్ప కార్యాలయ రహస్యమేమీ కాదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇరాన్ ఇవ్వవలసినవన్నీ తూచి, లెక్కపెట్టి, సీలు వేయగలిగినవి. అమెరికా ఇవ్వవలసినది ఆంక్షల తొలగింపు. అది ఎంత ఇచ్చారో తూచే సాధనం లేదు, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోకుండా వేసే సీలూ లేదు. చర్చలు చాలాసార్లు విరిగింది అక్కడే.

తారాపూర్‌లోని మొదటి రెండు రియాక్టర్లకు కావలసిన ఇంధనం మా దగ్గరే తయారయ్యేది. దానికి వాడే శుద్ధి చేసిన యురేనియం (అంటే ఇంధనానికి పనికొచ్చే రకం శాతాన్ని పెంచినది) విదేశాల నుంచి వచ్చేది కనుక, ఆ ప్లాంట్లు వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) తనిఖీ కింద ఉండేవి. ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు పుస్తకంలోని అంకెకూ డబ్బాలోని బరువుకూ పొంతన కుదరాలి. వాయురూపంలోని యురేనియాన్ని పొడిగా మార్చేటప్పుడు, పొడిని బిళ్లలుగా నొక్కేటప్పుడు, బిళ్లలను సానపట్టేటప్పుడు కొంత పదార్థం గొట్టాలకు అంటుకుంటుంది, కొంత తుక్కులో కలుస్తుంది, కొంత వడపోతల్లో చిక్కుతుంది. అందువల్ల ఏ కర్మాగారంలోనూ లెక్క గ్రాముతో సహా సరిపోదు. ఆ తేడా ఎంతవరకు సహజమో ముందే నిర్ణయించి ఉంటుంది. దానిలోపల ఉంటే సరే, దాటితే ఎక్కడ పోయిందో చూపించేదాకా ఎవరికీ నిద్ర ఉండదు. సీళ్ల సంగతీ అంతే. తీగతో బిగించే చిన్న లోహపు సీలు లోపలి ముఖం మీద ఉన్న గీతలను ముందే ఫోటో తీసి ఉంచుకుంటారు; విప్పిన సీలును వియన్నాకు పట్టుకెళ్లి ఆ ఫోటోతో పోల్చి చూస్తారు. వచ్చినవారు ఎంతో మర్యాదగా మాట్లాడేవారు, మా క్యాంటీను కారాన్ని కూడా నవ్వుతూ భరించేవారు, కానీ తాము ఎంచుకున్న డబ్బాను మా మాట మీద తూచకుండా వదిలేవారు కారు. పరస్పరం నమ్మకం లేనివారి మధ్య కూడా నడిచేలా రూపొందించిన పద్ధతి అది.

2015 జూలై 14న వియన్నాలో కుదిరిన ఒప్పందంలో ఇరాన్ వైపు భాగం మొత్తం ఈ పద్ధతికి అతికినట్లు సరిపోయింది. సుమారు 19,000 సెంట్రిఫ్యూజ్‌లను (యురేనియాన్ని శుద్ధి చేసే, అతివేగంగా తిరిగే యంత్రాలను) 6,104కి తగ్గించాలి, శుద్ధి 3.67 శాతం దాటకూడదు. నిల్వ 300 కిలోలకు మించకూడదు. ఫోర్డోలో కొండ కింద కట్టిన కేంద్రంలో 15 ఏళ్లు యురేనియం శుద్ధి చేయకూడదు. అరాక్ రియాక్టరు గుండెకాయ లాంటి భాగాన్ని కాంక్రీటుతో పూడ్చాలి. 2015 డిసెంబరులో 11 టన్నులకు పైగా శుద్ధి చేసిన యురేనియాన్ని ఓడలో రష్యాకు పంపించారు. 2016 జనవరి 16న ఐఏఈఏ అన్నీ సరిచూసుకుని సరేనంది. ఈ అంకెలు కుదరడానికి 2015 ఫిబ్రవరి నుంచి అమెరికా ఇంధన మంత్రి ఎర్నెస్ట్ మోనిజ్, ఇరాన్ అణుశక్తి సంస్థ అధిపతి అలీ అక్బర్ సాలెహీ నేరుగా కూర్చోవడం బాగా కలిసివచ్చింది. ఇద్దరూ శాస్త్రజ్ఞులు; 1970లలో సాలెహీ డాక్టరేటు చేసిన ఎంఐటీలోనే మోనిజ్ అధ్యాపకులు. విదేశాంగ మంత్రులు కెర్రీ, జరీఫ్ వారాల తరబడి నలిగిన చోట వీరిద్దరూ ముందుకు సాగగలిగారంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. అంకె ఎదుట ఉంటే వాదన తగ్గుతుంది.

ఇక రెండో వైపు చూడండి. ఐక్యరాజ్యసమితి, ఐరోపా ఆంక్షలు తొలగినా, అమెరికా సొంత ఆంక్షల్లో చాలా భాగం అలాగే ఉండిపోయింది. ఇరాన్‌తో డాలర్లలో లావాదేవీ చేయడానికి వీలు లేదు. 2014లోనే ఇరాన్, సూడాన్, క్యూబాల లావాదేవీల మీద ఒక పెద్ద ఫ్రెంచి బ్యాంకుకు అమెరికా సుమారు 890 కోట్ల డాలర్ల జరిమానా వేసి ఉంది. అది చూసిన బ్యాంకులు, చట్టం అనుమతించిన వ్యాపారానికి కూడా ముందుకు రాలేదు. 2016 డిసెంబరులో ఇరాన్ 100 విమానాలకు ఎయిర్‌బస్‌తో ఒప్పందం చేసుకుంటే చేరినవి మూడు. దీనికి అమెరికా ఒప్పందాన్ని ఉల్లంఘించిందనగలమా? కాగితం ప్రకారం అనలేం. ఇరాన్‌కు రావలసింది వచ్చిందనగలమా? అదీ అనలేం. ఏ ఇన్‌స్పెక్టరు వచ్చి ఏ డబ్బాను తూచి ఈ తేడాను తేలుస్తాడు? 2018 మే 8న ట్రంప్ ఒప్పందం నుంచి తప్పుకున్నారు. అప్పటిదాకా ఐఏఈఏ నివేదికలు ఇరాన్ షరతులు పాటిస్తోందనే చెబుతూ వచ్చాయి. ఆ ఒప్పందాన్ని సెనేట్ ఆమోదించిన సంధిగా చేయలేదు కనుక, ఒక అధ్యక్షుడు ఒప్పుకున్నదాన్ని మరొక అధ్యక్షుడు సంతకంతో తీసివేయగలిగాడు. ఆ దెబ్బ మన దాకా కూడా వచ్చింది: యూకో బ్యాంకు ద్వారా రూపాయల్లో చెల్లించి మరీ ఇరాన్ చమురు కొన్న భారత్, 2019 మేలో అమెరికా మినహాయింపు ముగియగానే కొనుగోలు ఆపేసింది.

సొంత గడ్డ మీద శుద్ధి చేసి తీరతామని ఇరాన్ ఎందుకు పట్టుబడుతుందో ఎన్‌ఎఫ్‌సీలో పనిచేసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. తారాపూర్‌కు ముప్ఫై ఏళ్ల పాటు ఇంధనం ఇస్తామని 1963లో అమెరికా ఒప్పందం మీద సంతకం చేసింది. 1974లో మనం పోఖ్రాన్‌లో పరీక్ష జరిపాం, 1978లో అమెరికా కాంగ్రెస్ అణు ఎగుమతులను కట్టడి చేసే కొత్త చట్టం చేసింది, దానితో సరఫరా ఆగిపోయి చివరికి ఫ్రాన్స్‌ను ఆశ్రయించవలసి వచ్చింది. మా సీనియర్లు ఆ రోజుల గురించి మాట్లాడేటప్పుడు వారి గొంతులో ఉండే చేదు నాకు బాగా గుర్తు. ఇరాన్ అనుభవం ఇంకా ఘోరం. అప్పటి ఇరాన్ రాజు షా ప్రభుత్వం ఫ్రాన్స్‌లోని యూరోడిఫ్ శుద్ధి కర్మాగారానికి 100 కోట్ల డాలర్లు అప్పు ఇచ్చి, ఉత్పత్తిలో పదో వంతుకు హక్కు పొందింది. 1979 విప్లవం తరువాత ఆ యురేనియం రానే లేదు, డబ్బు గొడవ 1991 దాకా నడిచింది. టెహ్రాన్‌లోని పరిశోధన రియాక్టరును 1967లో ఇచ్చినది అమెరికాయే. దానికి ఇంధనం కొనే బేరాలు కుదరనప్పుడే, 2010లో, ఇరాన్ 20 శాతం శుద్ధి మొదలుపెట్టింది.

అయితే ఈ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. భారత్ అణు వ్యాప్తి నిరోధక ఒప్పందం మీద సంతకం చేయలేదు. ఇరాన్ చేసింది, చేసి దాచింది. నతాంజ్‌లోని శుద్ధి కేంద్రం సంగతి 2002లో ప్రవాస ప్రతిపక్షం బయటపెడితే తెలిసింది. సెంట్రిఫ్యూజ్‌ల పనిని 18 ఏళ్లుగా దాచారని 2003లో ఐఏఈఏ నివేదిక తేల్చింది. ఫోర్డో 2009లో బయటపడింది. ఆ తరువాత, ఎప్పుడూ ప్రకటించని చోట్ల, వరామిన్‌లోనూ తుర్కూజాబాద్‌లోనూ, యురేనియం కణాలు దొరికాయి. రాజకీయ వ్యాఖ్యాతలకు ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కణాలే కదా అంటారు. లెక్కలు చూసినవాడికి ఇంతకంటే పెద్ద విషయం లేదు, ఎందుకంటే పుస్తకంలో లేని పదార్థం ఒక్కచోట ఉందంటే ఆ పుస్తకం మొత్తం మీద అనుమానం పడుతుంది. 2005లో ఐఏఈఏ పాలకమండలి ఇరాన్‌ను తప్పుపట్టినప్పుడు భారత్ కూడా ఆ తీర్మానానికే ఓటు వేసింది.

శాతాల గురించి ఒక్క మాట. సహజ యురేనియంలో పనికొచ్చే రకం 0.7 శాతమే; దాన్ని బాంబుకు సరిపోయే 90 శాతానికి తేవడానికి పట్టే శ్రమలో సింహభాగం మొదటి నాలుగైదు శాతాల లోపలే అయిపోతుంది, 20 శాతానికి చేరేసరికి పదింట తొమ్మిది వంతులు ముగుస్తుంది. 2021 ఏప్రిల్‌లో ఇరాన్ 60 శాతం మొదలుపెట్టినప్పుడు అందరూ ఎందుకు ఉలిక్కిపడ్డారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

2021, 2022లలో వియన్నాలో ఐరోపా దూతలు ఒక గది నుంచి మరో గదికి తిరుగుతూ నడిపిన చర్చలు దాదాపు పూర్తి పాఠం దాకా వచ్చాయి. తరువాతి అధ్యక్షుడు మళ్లీ తప్పుకోడన్న హామీని ఇరాన్ కోరింది. బైడెన్ ఇవ్వదలచినా ఆయన చేతిలో లేని హామీ అది. కణాల దర్యాప్తు మూసివేయాలన్న షరతు కూడా పీటముడి వేసింది. ఈలోగా, 2022 జూన్‌లో, ఇరాన్ 27 నిఘా కెమెరాలను తీసివేయించింది. కెమెరా ఆగిన నెలల్లో ఎన్ని సెంట్రిఫ్యూజ్‌లు తయారయ్యాయో తరువాత ఎవరు వచ్చి చూసినా తిరిగి నిర్ధారించలేరు. 2025 ఏప్రిల్‌లో మస్కట్‌లో ఒమన్ మధ్యవర్తిత్వంతో అమెరికా దూత విట్కాఫ్, ఇరాన్ విదేశాంగ మంత్రి అరాఘ్చీ మొదలుపెట్టిన చర్చలు శుద్ధి ఉండాలా, పూర్తిగా మానాలా అన్న చోట చిక్కుకున్నాయి. ఆరో విడత జూన్ 15న జరగవలసి ఉండగా 13న ఇజ్రాయెల్, 22న అమెరికా బాంబులు వేశాయి. ఆనాటికి ఇరాన్ దగ్గర 60 శాతం యురేనియం 440.9 కిలోలు ఉందని ఐఏఈఏ అంచనా. దాడుల తరువాత ఇన్‌స్పెక్టర్లు దాన్ని చూడలేకపోయారు. సెప్టెంబరు చివర ఐక్యరాజ్యసమితి ఆంక్షలు తిరిగి అమలులోకి వచ్చాయి.

మళ్లీ ఒప్పందం కుదురుతుందా అని కూడా అడిగారు కనుక, వార్తల్లో నేను వెతికేవి చెబుతాను. మొదటిది, ఆ 440 కిలోల డబ్బాలను ఎవరైనా తూచారా. రెండోది, ఇరాన్ యురేనియాన్ని ఒమన్ వంటి మూడో దేశంలో తాకట్టు వస్తువులా ఉంచి, అమెరికా మాట తప్పితే తిరిగి పొందే ఏర్పాటు ఏదైనా రాసుకున్నారా. అప్పుడు ఇరాన్ ఇచ్చేది కూడా ఆంక్షల తొలగింపులాగే వెనక్కి తీసుకోదగినదవుతుంది. మూడోది, అమెరికా కాంగ్రెస్ చట్టం చేసిందా, లేక మళ్లీ అధ్యక్షుడి సంతకంతోనే సరిపెట్టారా. చట్టం చేస్తుందని నాకు ఆశ లేదు. రెండో ఏర్పాటు మాత్రం సాధ్యమే, కాకపోతే మొదటిది జరగకుండా దాని గురించి మాట్లాడి ప్రయోజనం లేదు.