మొదటి రాత్రి పొయ్యి వెలిగించకు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. మొత్తానికి వంటిల్లు, పడకలు అన్నీ ఉండే ఆర్వీ బండి బుక్ చేశారన్నమాట. జూన్ ఆఖరులో న్యూజెర్సీ నుంచి లాస్ వేగాస్‌కి విమానం, అక్కడ బండి తీసుకుని గ్రాండ్ కాన్యన్. ఇద్దరు పిల్లలు, తెనాలి నుంచి వచ్చిన మీ అత్తగారు, మామగారు. బాగుంది. కానీ చివర్లో నువ్వు పెట్టిన వంటల లిస్టు చూసి నవ్వాగలేదు. మొదటి రాత్రికి అన్నం, టమాటా పప్పు, బెండకాయ వేపుడు, చారు! పన్నెండేళ్ళ కిందట నేను రాసుకున్నదీ ఇంచుమించు ఇదే.

అప్పుడు మేం ఫీనిక్స్ నుంచి బయల్దేరాం. బండి మన చేతికి వచ్చేసరికే మూడున్నర. ఏ స్విచ్ దేనికో చూపించడానికే వాళ్ళకి గంట పట్టింది. సరుకులు కొనుక్కుని కాన్యన్ లోయ అంచున, బళ్ళు ఆపుకుని రాత్రికి ఉండే క్యాంప్‌గ్రౌండ్‌కి చేరేటప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. చీకట్లో మీ మామయ్య బండి వెనక్కి తీస్తుంటే నేను టార్చి పట్టుకుని చెట్టుకీ బండికీ మధ్య నిలబడ్డాను. అదయ్యాక పప్పు పెడదామని చూస్తే కుక్కర్ రబ్బరు లేదు. ఇంట్లో సింకు పక్కనే వదిలేసి వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. సరే, గిన్నెలోనే ఉడికిద్దాం అనుకున్నా. ఆ చోటు 7,000 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్ళు 93 డిగ్రీలకే మరిగిపోతాయి. తెర్లడం తెర్లుతూనే ఉంటాయి, కందిపప్పు మాత్రం మెత్తబడదు. ముప్పావుగంట చూసి, పోనీ ఉన్నదానికే తాలింపు పెడదామని నెయ్యిలో ఎండుమిరపకాయలు వేశాను. పొయ్యికి మూరెడు దూరంలో స్మోక్ అలారం ఉందని ఎవరికి తెలుసు? పది దాటింది, క్యాంప్‌గ్రౌండ్ అంతా నిద్రపోతోంది, మా బండి మాత్రం కూతలు పెడుతోంది. మీ మామయ్య తువ్వాలుతో విసురుతుంటే పిల్లలు దగ్గుతూ లేచి కూర్చున్నారు. పదకొండింటికి అందరం బ్రెడ్డుకి ఆవకాయ రాసుకుని తిన్నాం. పప్పు మర్నాడు చెత్తబుట్టలో పోశాను.

అందుకని చెప్తున్నా, మొదటి రాత్రి పొయ్యి జోలికే పోవద్దు. మీకు వేగాస్‌లో ఇల్లు లేదు కాబట్టి ముందే వండుకుని బయల్దేరడం కుదరదు. దానికో ఉపాయం ఉంది. పులిహోర పులుసు ఇంటి దగ్గరే కాచి, తాలింపుతో సహా చిక్కగా, నూనె పైకి తేలేదాకా దగ్గరపడనిచ్చి సీసాలో పోసుకో. చేతి బ్యాగులో పెట్టకు, 100 మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీలో తీసి పారేస్తారు. చెక్-ఇన్ పెట్టెలో, రెండు జిప్‌లాక్ కవర్లలో పెట్టి పాత తువ్వాలు చుట్టు. వేరుశనగ గుళ్ళు వేయించి విడిగా పొట్లం కట్టుకో. పులుసులో వేస్తే వెళ్ళేసరికి నాని మెత్తబడతాయి.

వేగాస్‌లో బండి తీసుకున్నాక ఏదైనా ఇండియన్ రెస్టారెంట్‌లోనో, చైనీస్ టేకౌట్‌లోనో వట్టి తెల్లన్నం పెద్ద డబ్బాలు నాలుగు తెచ్చుకోండి. వాళ్ళేమీ వింతగా చూడరు. అల్యూమినియం ట్రే ఒకటి కొని, మూడు డబ్బాల అన్నం వేడి ఉండగానే అందులో పరిచి ఆరబెట్టు. అన్నం ముద్ద కట్టకుండా ముందు ఒక చెంచా నూనె వేసి కలుపు. తర్వాత మూడు కప్పుల అన్నానికి నాలుగు పెద్ద చెంచాల లెక్కన పులుసు వేసుకుంటూ, రుచి చూసుకుంటూ చేత్తో కలుపు. గరిటెతో కలిపితే మెతుకు విరుగుతుంది. కలపగానే తింటే పులుపు ఒకచోట, ఉప్పు ఒకచోట తగులుతాయి. నాలుగు గంటలు కూర్చుంటే మెతుకు మెతుక్కీ పడుతుంది. ఆ నాలుగు గంటలూ మీకు ఎలాగూ దారిలోనూ, బండి సర్దుకోవడంలోనూ గడిచిపోతాయి. ఆ ఎండకి వెనక క్యాబిన్ కాగిపోతుంది కాబట్టి ట్రేని ముందు సీట్ల దగ్గర, ఏసీ గాలి తగిలేచోట పెట్టు. ఆ రాత్రికే తినేయండి. మర్నాటికి అట్టిపెట్టకు.

నాలుగో డబ్బా పిల్లలకి. అన్నం బాగా మెత్తగా మెదిపి చల్లటి పాలు ఎక్కువగా, పెరుగు రెండే చెంచాలు, ఉప్పు వేసి కలిపి ఐస్ పెట్టెలో పెట్టెయ్. తినే ముందు ఇంకాస్త పెరుగు కలుపుకుంటే పులవని కమ్మటి పెరుగన్నం. రైలు ప్రయాణాలకి మా అమ్మ ఇలాగే చేసేది, కాకపోతే ఆవిడకి ఐస్ లేదు.

ఐస్ పెట్టె అన్నానుగా, అది మర్చిపోకు. ఆర్వీలో ఫ్రిజ్ ఉందిగా అంటావు. చాలా బళ్ళలో అది గ్యాస్ మీద కూడా నడిచే రకం. మన ఇంటి ఫ్రిజ్ అంత త్వరగా చల్లబడదు. మధ్యాహ్నం ఆన్ చేస్తే తెల్లారేసరికి దారికొస్తుంది. అందులో గోరువెచ్చని పాలడబ్బాలు కుక్కితే ఇంకా ఆలస్యం. మొదటిరోజు పాలు, పెరుగు ఐస్‌లోనే ఉంచి, రాత్రి పడుకునే ముందు చల్లగా ఉన్నవాటిని ఫ్రిజ్‌లోకి మార్చు.

ఇక మీ మామగారి సంగతి. షుగర్ మాత్ర వేసుకునే మనిషిని "ఇదిగో అయిపోయింది, అదిగో అయిపోయింది" అని కూర్చోబెట్టకూడదు. ఆయనకి పులిహోర రెండు గరిటెలు చాలు. గోధుమ టార్టిలాలు ఒక ప్యాకెట్ కొను. నెయ్యి రాసి కందిపొడి చల్లి చుట్టిస్తే చపాతీలా తింటారు. దానికి తోడు కీరా ముక్కలు, గ్లాసుడు మజ్జిగ. మీ అత్తగారు ఉల్లి తినరు కదా, ఇందులో ఎక్కడా ఉల్లి లేదు చూడు. నువ్వూ మీ ఆయనా మాంసం తినేవాళ్ళే కాబట్టి కాస్ట్‌కోలో 4.99 డాలర్ల కోడి ఒకటి తెచ్చుకుంటే మీ రాత్రి గడిచిపోతుంది. మీ అత్తగారికి వాసన తగలకుండా బయట బల్ల మీద తినండి.

ఇంకోమాట. మొదటిరోజే కాన్యన్‌కి వెళ్ళిపోవాలని చూడొద్దు. అది వేగాస్ నుంచి 280 మైళ్ళు. కారులో నాలుగున్నర గంటలంటారు, ఆర్వీకి ఆ లెక్క పనికిరాదు. దారిలో కింగ్‌మన్ అనే ఊళ్ళో ఆగండి, 105 మైళ్ళే. చీకటి పడేలోపు దిగొచ్చు. మర్నాడు విలియమ్స్ ఊరి మీదుగా మధ్యాహ్నానికి కాన్యన్ చేరతారు. అక్కడ ట్రేలర్ విలేజ్ అనే క్యాంప్‌గ్రౌండ్‌లో అయితే బండికి తగిలించుకునే కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ అన్నీ ఉంటాయి. మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో బండికి తగిలించుకునేవి అవేవీ ఉండవు, పైగా 30 అడుగులు దాటిన బండిని రానివ్వరు. మీ బుకింగ్ ఎందులోనో ఒకసారి చూసుకో, రెండో రోజు వంట దాన్ని బట్టి ఉంటుంది.

కింగ్‌మన్‌లో దిగాక ముందు బండి లెవెల్ చెయ్యమని మీ ఆయనకి చెప్పు. బండి వాలి ఉంటే ఫ్రిజ్ సరిగ్గా పనిచెయ్యదు, బల్ల మీద మజ్జిగ గ్లాసు కూడా నిలవదు. తర్వాత కరెంటు తగిలించి ఏసీ వెయ్యండి. అంతే, కూర్చుని తినండి. నీళ్ళ పైపు, డ్రైనేజీ పైపు పొద్దున్న చూసుకోవచ్చు. మీ మామయ్య ఒప్పుకోరు, అన్నీ బిగించాకే భోజనం అంటారు. ఆయన బిగించడం పూర్తయ్యేసరికి మా పిల్లలు ఎన్నిసార్లు చిప్స్ తిని పడుకున్నారో నన్నడుగు. ఆ పూటకి కాగితం పళ్ళాలే వాడండి. చేతులు కడుక్కోవడానికి ట్యాంకులో నీళ్ళు ఉంటాయి.

పొద్దున్నకి ఉప్మా. రవ్వ ఇంట్లోనే నేతిలో వేయించి, అందులోనే ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు తాలింపు, ఉప్పు అన్నీ కలిపి కవర్లో తీసుకెళ్ళు. కప్పుకి రెండున్నర కప్పుల మరిగే నీళ్ళు పోసి మూత పెడితే పది నిమిషాల పని. చారుపొడి పట్టుకెళ్ళు, కాన్యన్ పైన జూన్‌లో కూడా రాత్రి చలి వేస్తుంది. వేడి నీళ్ళలో చారుపొడి, కాస్త చింతపండు పేస్టు వేసి కాచి గ్లాసుల్లో ఇస్తే ముసలాళ్ళు నిన్ను దీవిస్తారు. అక్కడ చిప్స్ ప్యాకెట్లు బెలూన్లలా ఉబ్బి కనిపిస్తాయి. కంగారుపడకు, ఎత్తుకి అంతే.

పప్పు చేస్తానని పట్టుబడితే రెండో రోజు ఇన్‌స్టంట్ పాట్‌లో, అదే కరెంటు ప్రెషర్ కుక్కర్‌లో చెయ్యి, ఇంట్లో కంటే మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ పెట్టు. కరెంటు 30 ఆంపులదైతే ఏసీ, మైక్రోవేవ్, పాట్ మూడూ ఒకేసారి వేశావో బ్రేకర్ పడిపోతుంది. పాట్ నడిచినంతసేపు ఏసీ ఆపు. తాలింపు పెట్టాలంటే ముందు పైన వెంట్ తెరిచి, ఫ్యాన్ వేసి, కిటికీ తియ్యి. పాట్ రబ్బరు మాత్రం బయల్దేరే ముందు ఇంట్లోనే కళ్ళతో చూసి మూతకి బిగించి పెట్టుకో.

నూనె గిన్నెలు కడిగే ముందు కాగితంతో తుడిచెయ్. కడిగిన నీళ్ళన్నీ బండి కింద ట్యాంకులోకే పోతాయి, మూడో రోజుకి ఆ వాసన నీకే వస్తుంది.

పులుసు సంగతి నువ్వు పెట్టుకోకు. ఆఫీసు, పిల్లలు, ప్యాకింగ్, నీకెక్కడ తీరుతుంది? నేనే కాచి వచ్చే వారం పోస్టులో పంపిస్తాను. మీ అత్తగారు ఇంగువ ఎక్కువ వేసుకుంటారా, మామూలుగానా? మీ మామగారు వేరుశనగ గుళ్ళు నమలగలరా, లేకపోతే జీడిపప్పు వెయ్యనా? రేపు సాయంత్రంలోగా చెప్పు, చింతపండు నానబెట్టాలి.

మీ అత్తయ్య